అటకమీది టైర్లు

2024 మాఘమాసమున మా మేనల్లుని వివాహము జరిగినది. దానికి నెలదినములు ముందుగా నేను పుట్టినింటికి పోయితిని. పిల్లవాడు హైదరాబాదులో ఉద్యోగము చేయువాడు. పాత వస్తువులనిన మిక్కిలి మక్కువ గలవాడు. మా నాన్నగారి జీపు పశువులకొట్టము ప్రక్కనున్న పాకలో ఎన్నో యేండ్లుగా కదలక పడియుండగా, దానిని బాగుచేయించి, కొత్త పెండ్లికూతురును ప్రక్కన కూర్చుండబెట్టుకొని అందులోనే ఊరేగవలెనని వాని సంకల్పము. ఇంజను బాగుపడినది. రంగు కూడ వేయించినారు. ఇక టైర్లు కావలసివచ్చినవి. అప్పుడు వాడు అటక యెక్కి, గోనెపట్టాలలో చుట్టియున్న నాలుగు టైర్లను దింపి, దుమ్ము దులిపి, నన్ను పిలిచి చూపెను.

"అత్తయ్యా, చూశావా! తాతయ్య దాచిన అసలు మిలిటరీ టైర్లు. గ్రిప్పు ఏమాత్రం అరగలేదు. ఎనభై ఏళ్ల నాటివంటే ఎవరైనా నమ్ముతారా? ఇవే వేయిస్తాను."

వాడు సంతోషముతో చెప్పిన ఆ మాటలలో "గ్రిప్పు అరగలేదు" అను మాట చెవిని పడినంతనే నాకు కాళ్ళు ఆడలేదు. సరిగా ఆ మాటనే నేను 2011వ సంవత్సరమున మరియొకనితో అంటిని. ఆ సంగతి మా యింటివారందరికిని తెలియును. తెలిసియే నా యెదుట ఎవరును ఆ ప్రస్తావన తేరు. నేడు నేనే వ్రాయుచున్నాను. కాని ముందుగా ఈ టైర్ల కథ చెప్పవలయును. ఏలయన, వీనిని దాచిన మనిషి పిసినారి కాడు.

మా నాన్నగారు ఆ జీపును 1946లో మద్రాసులో పటాలపువారు వేలము వేసిన సామానులలో కొనిరి. యుద్ధము ముగిసి స్వదేశములకు మరలిన సైన్యములు విడిచిపోయిన వాహనములు ఆ రోజులలో చౌకగా దొరకుచుండెడివట. మాది గోదావరి డెల్టాలోని పల్లె. వానకాలమున కాలువగట్ల బురదలో ఎడ్లబండి దిగబడినచోట కూడ జీపు పోవునని ఆయన ఆశ. అమ్మినచోట నున్న ఒక పటాలపు మేస్త్రీ ఆయనను ప్రక్కకు పిలిచి, టైరు ప్రక్కగోడమీద అచ్చొత్తియున్న ఇంగ్లీషు అక్షరములను చూపి, "ఇది చెట్టు రబ్బరు కాదు, ఫ్యాక్టరీ రబ్బరు. ముప్పై మైళ్లు దాటి తోలకండి, వేడెక్కి పోతుంది" అని చెప్పెనట. ఆ అక్షరములు "సింథటిక్" అనునవి. నాన్నగారు దానిని కృత్రిమ రబ్బరనెడివారు. మా అమ్మ మాత్రము సవతి రబ్బరనెడిది.

రెండేండ్లపాటు ఆయన ఆ మేస్త్రీ మాట జవదాటలేదు. తరువాత వంగదేశమున సాహాగంజిలో 1936లో స్థాపితమైన డన్‌లప్ కర్మాగారపు టైర్లు దొరకగా వానిని వేసికొని, ఈ నాలుగింటిని కడిగించి, ఆరబెట్టించి, అటక యెక్కించినారు. వానిని పారవేయుడని ఎవరైన అన్నచో ఆయన ఒకటే జవాబు చెప్పెడివారు: "ఒక్క టైరు కోసం లోకం ఎంత ఏడ్చిందో మీకు తెలియదు."

ఆ యేడుపు ఎట్టిదో నేను పెద్దదాననైన పిమ్మట పుస్తకములు చదివి తెలిసికొంటిని. రబ్బరుచెట్టునకు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను అరణ్యము. 1876లో హెన్రీ విక్హామ్ అను ఆంగ్లేయుడు అక్కడినుండి డెబ్బదివేల విత్తనములను తెచ్చి లండను సమీపముననున్న క్యూ ఉద్యానమున కిచ్చెను. వానిలో మొలచినవి కొద్దివేలు మాత్రమే. ఆ మొక్కల సంతతియే సింహళమునందును, మలయాయందును విస్తరించి మహావనములైనది. ఆ మలయా తోటలలో తెల్లవారకముందే లేచి, చెట్టునకు కత్తిగాటు పెట్టి, కారిన పాలను చిప్పలలో పట్టినవారిలో దక్షిణభారతపు కూలీలు లక్షలమంది. వారిలో తమిళులు అధికులు. తెలుగువారును తక్కువవారు కారు.

1941 డిసెంబరులో జపాను యుద్ధములో దిగినది. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు పడిపోయినది. మార్చినాటికి జావా, సుమత్రాలు కూడ జపాను వశమైనవి. లోకమునకు వచ్చు చెట్టు రబ్బరులో పదింట తొమ్మిది పాళ్ళు మూడు నాలుగు నెలలలో ఒక్క రాజ్యము చేతిలోనికి పోయినది. ఇచ్చట మలయా తోటలలో పాలు కొనువాడు లేడు. కూలీలకు పని లేదు, బియ్యము లేదు. అట్టివారిని వేలకొలదిగా సయాము-బర్మా రైలుమార్గము వేయుటకు తరలించిరి. 415 కిలోమీటర్ల ఆ మార్గము 1943 అక్టోబరులో పూర్తియగునాటికి ఆ అడవులలో విషజ్వరములకును, కలరాకును, ఆకలికిని ఆహుతియైనవారు పదులవేలు. అందు మన భాష మాటాడినవారు కూడ కలరు. నాన్నగారు టైరును చేతితో తట్టి మాటాడునప్పుడు ఈ సంగతులే మనసులో నుంచుకొనెడివారు. మా ఊరినుండి మలయాకు పోయిన ఒక కుటుంబము వైపునుండి యుద్ధము తరువాత ఉత్తరము రాలేదు.

రబ్బరు చేజారిన అమెరికా ఏమి చేసినదో గృహిణులు శ్రద్ధగా వినదగినది. 1942 జూనులో అధ్యక్షుడు రూజువెల్టు పాత రబ్బరు నెల్ల తెచ్చి యిండని ప్రజలను వేడెను. పౌనుకు ఒక సెంటు వెల. ఇంటింటినుండి తోటగొట్టములు, వేడినీటి సంచులు, వానజోళ్ళు, పాత టైర్లు గుట్టలుగా వచ్చిపడినవి. నాలుగున్నర లక్షల టన్నులు పోగైనదట. ఉత్సాహము గొప్పది గాని, పాత రబ్బరును మరల మెత్తబరచి చేసిన సరకు నాసిరకము. దానితో సైన్యపు చక్రములు తిరుగవు. అప్పుడు బెర్నార్డు బరూకు అను పెద్దమనిషి అధ్యక్షతను కోనంటు, కాంప్టను అను ఇరువురు విద్యావంతులతో ఒక సంఘము కూర్చిరి. ఆ సంఘము 1942 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో రెండు సంగతులు ముఖ్యమైనవి. కృత్రిమ రబ్బరు కర్మాగారములను యుద్ధవేగమున నిర్మింపవలయుననుట ఒకటి. అవి సిద్ధమగువరకు దేశములో నున్న టైర్లను కాపాడుటకు బండ్లు గంటకు 35 మైళ్ళకు మించి పోరాదనియు, పెట్రోలును దేశమంతట రేషనులో పెట్టవలెననియు చెప్పుట రెండవది.

ఇందలి విశేషమును గమనింపుడు. ఆ దేశపు చాలభాగమున పెట్రోలుకు కొదవ లేదు. అయినను 1942 డిసెంబరు 1వ తేదీనుండి దానిని కొలిచి పోసినది టైరు అరిగిపోకుండుటకే. ఒక్కొక్క కారునకు అయిదు టైర్లు మాత్రమే యుండవలయును. అంతకు మించి దాచుకొన్నవి ప్రభుత్వమునకు అమ్మివేయవలయును. పొదుపనగా వారికి మెల్లగా పోవుట, తక్కువగా పోవుట, పోనవసరము లేనిచో ఇంటనుండుట. మన దేశమున కూడ ఆనాడు బొగ్గుపొయ్యి వెనుక తగిలించుకొని రొప్పుచు పోయిన బొగ్గు బస్సులను ఎరిగిన ముసలివారు మొన్నమొన్నటివరకు ఉండిరి. మా నాన్నగారు బెజవాడ నుండి ఏలూరికి అట్టి బస్సులో పోయిన కథను ఒక పురాణముగా చెప్పెడివారు; ఎత్తు వచ్చినచోట జనులందరు దిగి నడువవలసినదేనట.

కృత్రిమ రబ్బరు సంగతికి వత్తము. అమెరికావారు ప్రధానముగా చేసినదానికి జి.ఆర్.ఎస్. అని పేరు. బ్యుటాడయీను అను పదార్థము మూడు పాళ్ళు, స్టైరీను ఒక పాలు కలిపి, సబ్బునీటిలో చిలికి చేసెడివారు. మొదట ఆ బ్యుటాడయీనులో చాలభాగము ధాన్యమునుండి తీసిన సారాయితో చేసినదే. మద్యపాన నిషేధమునకై పాటుపడినవారు ఈ సంగతి విన్నచో సారాయికి ఇంతకన్న సద్గతి లేదని సంతసించియుందురు. 1941లో ఆ దేశమున తయారైన కృత్రిమ రబ్బరు సుమారు ఎనిమిదివేల టన్నులు. 1945లో ఎనిమిది లక్షల టన్నులు. జర్మనీవారు ఈ విద్యను అంతకుముందే నేర్చిరి. దానికి వారు పెట్టిన పేరు బ్యూనా. ఆష్విట్జు దగ్గర మోనోవిట్జు అనుచోట అట్టి కర్మాగారము నొకదానిని బందీలచేత కట్టింపబూని వేలమందిని పొట్టనబెట్టుకొనిరి. ప్రీమో లేవి అను ఇటాలియను రసాయనశాస్త్రజ్ఞుడు అక్కడ బందీగా నుండి బ్రతికి బయటపడి ఆ కథ లోకమునకు చెప్పెను. ఆ కర్మాగారమునుండి కృత్రిమ రబ్బరు ఒక్క ముద్దయైనను వెలువడలేదు.

మేస్త్రీ చెప్పిన ముప్పది మైళ్ళ మాటలో నిజమెంత? చాల నిజము. చెట్టు రబ్బరు బంతిని నేలకు కొట్టిన ఎగిరి చేతికి వచ్చును. ఆనాటి కృత్రిమ రబ్బరు బంతి అంత యెత్తు లేవదు. లేవని ఆ బలము ఎక్కడికి పోయినది? వేడిమిగా మారి బంతిలోనే నిలిచినది. టైరు తిరుగునప్పుడు అడుగుభాగము ప్రతి చుట్టునందును అణగి లేచుచుండును. వేగము హెచ్చినకొలది అణగుట హెచ్చును, వేడిమి హెచ్చును. వేడెక్కిన రబ్బరులో చిన్న గాటు పెద్ద చీలిక యగును. అందువలననే యుద్ధకాలమున కూడ పెద్ద లారీల టైర్లలో కొంత చెట్టు రబ్బరు కలుపక తప్పలేదు. నేటికిని విమానముల టైర్లకు చెట్టు రబ్బరే ప్రధానము. కృత్రిమ రబ్బరు తరువాత ఎంతో బాగుపడినది. మన కార్ల టైర్లలో రెండును కలిసియుండును. సవతి అను పేరు దానికి ఇప్పుడు చెల్లదు.

అయితే చెట్టుదైనను, ఫ్యాక్టరీదైనను, రబ్బరునకు వయస్సు కలదు. ఇది మన స్త్రీలకు ఒకరు చెప్పవలసినది కాదు. ప్రెషరు కుక్కరు గ్యాస్కెట్టును చూడుడు. కొత్తది కొని, డబ్బాలో పెట్టి మరచి, ఆరేడేండ్ల తరువాత తీసినచో అది బిగిసిపోయి, వంచిన పగులును. ఎవరును దానిని వాడలేదు. అయినను అది చెడినది. గాలిలోని ప్రాణవాయువు రబ్బరులో చేరి దాని కట్టును మార్చును. ఎండ ఆ పనిని త్వరపెట్టును. చెట్టు రబ్బరు ముసలిదైన సామాన్యముగా మెత్తబడి జిగురగును. కృత్రిమ రబ్బరు కొయ్యబారును. టైరులో దీనికి విరుగుడుగా కొన్ని మందులు, మైనము కలుపుదురు. టైరు తిరిగి అణగి లేచుచుండగా ఆ మైనము పైకి వచ్చి ఒక పూతవలె కాపాడును. తిరుగని టైరునకు ఆ రక్షణ కూడ సరిగా అందదు. కాబట్టి వాడక దాచినది కొత్తదిగా నుండుననుట భ్రమ. అదనపు చక్రము, మన డ్రైవర్లు స్టెపినీ యనునది, గాలి నింపుకొని డిక్కీలో కూర్చుండినంత మాత్రమున ముసలితనము దానిని విడువదు.

ఈ సంగతులలో ఒక్కటియు 2011 మే నెలలో నాకు తెలియదు.

మాకు 2002లో కొన్న కారు ఉండెను. రాజమహేంద్రవరములో మా వారి పినతండ్రి మనుమరాలి వివాహము. విజయవాడనుండి ఉదయమున ఆలస్యముగా బయలుదేరితిమి. ఆలస్యమునకు కారణము నేనే, చీరె మార్చుకొంటిని. మా డ్రైవరు ఇరువది యారేండ్ల యువకుడు, నెమ్మదిగలవాడు, పెండ్లియై రెండేండ్లు. హనుమాన్ జంక్షను దాటిన తరువాత వెనుక ఎడమ చక్రము పంక్చరైనది. అతడు నిప్పులు చెరగు ఎండలో స్టెపినీ బిగించుచు, దానిని చేతితో రెండు మూడు చోట్ల నొక్కి చూచి, నా దగ్గరకు వచ్చి, "అమ్మగారూ, ఇది కారుతోపాటు వచ్చిన టైరండి. తొమ్మిదేళ్లయింది. అంచుల్లో బీటలున్నాయి. ఏలూరులో ఆగి కొత్తది వేయించుకుందామండి. అందాకా నలభైలో పోతాను" అనెను.

నేను దిగి చూచితిని. గాడులు లోతుగా, అచ్చులోనుండి తీసినట్లే యున్నవి. "ఒక్కరోజు కూడా వాడలేదు కదయ్యా! గ్రిప్పు ఏమన్నా అరిగిందా? కొత్త టైరు పెట్టుకుని ఇంకో కొత్త టైరు కొనమంటావా? ముహూర్తం దాటిపోతుంది, పోనీ" అంటిని. మా వారు ఏమియు అనలేదు. అతడు మరల అనలేదు. మన యిండ్లలో డ్రైవరు ఒక మాట రెండుసార్లు చెప్పుటకు సాహసింపడు. ఆ సాహసము లేకుండ చేసినది మనమే.

ఏలూరు వచ్చినది. రోడ్డు ప్రక్కనే టైర్ల దుకాణము కనబడెను కూడ. ఆగలేదు. భీమడోలు చేరకముందే వెనుకనుండి ఎవరో కఱ్ఱతో కారును బాదినట్లు దడదడ చప్పుడు విననాయెను. టైరు పైపట్ట ఒలిచిన తొక్కవలె లేచిపోయినది. కారు అడ్డము తిరిగి, మధ్యగట్టునకు కొట్టుకొని, కుడివైపునకు ఒరిగి పడినది. నాకు భుజము బెణికినది. మా వారికి నుదుట మూడు కుట్లు పడినవి. డ్రైవరు కుడిచేయి కిటికీ కమ్మికిని నేలకును నడుమ నలిగినది. చేయి నిలిచినది గాని, వ్రేళ్ళు మరల మూయుటకు రాలేదు. నాలుగు శస్త్రచికిత్సలు జరిగినవి. ఖర్చులన్నియు మేమే భరించితిమి. ఈ మాట వ్రాయుచుండగా నాకే సిగ్గగుచున్నది, భరించుట యనునది ఎవరు చేసినదో అందరెరుగుదురు. తరువాత అతడు స్టీరింగు పట్టలేదు. వాని ఊరిలో ఒక టీకొట్టు పెట్టించితిమి. ఎడమచేతితో టీ వడపోయుట నేర్చుకొనినాడు.

అతడు నన్ను ఎన్నడును ఒక మాట యనలేదు. ఒక్కసారి మాత్రము, నేను చూడబోయినప్పుడు, మాటలనడుమ "ఆ టైరు మీద నంబరుంది అమ్మగారూ, అప్పుడే చూపించాల్సింది" అనెను. తప్పు తనదైనట్లు.

ఆ నంబరు గురించి చెప్పెదను. టైరు ప్రక్కగోడమీద అక్షరముల వరుస చివర నాలుగు అంకెలుండును. మొదటి రెండును వారమును, చివరి రెండును సంవత్సరమును తెలుపును. 2302 అని యున్నచో 2002వ సంవత్సరపు ఇరువది మూడవ వారమున తయారైనదని యర్థము. 2000కు ముందువానిలో మూడే యంకెలు. కొన్ని టైర్లమీద ఇది ఒక ప్రక్కనే యుండుటచే, ఆ ప్రక్క లోపలికి తిరిగియున్నచో వంగి చూడవలసివచ్చును. కార్లు చేయువారు పలువురు ఆరేండ్లకు మార్చుడందురు. టైర్లు చేయువారు చాలమంది పదియేండ్లు కడపటి గడువందురు. మన ఎండలను తలచినచో మొదటివారి మాటయే నాకు నచ్చినది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2008లో వెల్లడించిన యొక లెక్క కలదు: ఒక భీమా కంపెనీ ఖాతాదారులలో నూటికి 27గురు టెక్సాసు, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లారిడా, అరిజోనా అను ఉష్ణరాష్ట్రములవారు, టైర్లు చెడినందున వచ్చిన పరిహారపు కోరికలలో మాత్రము నూటికి 77 ఆ రాష్ట్రములవే. మన కృష్ణాజిల్లా మే నెలకు అరిజోనా చాల దూరమున నున్నదని నేను తలపను.

మా ప్రమాదము జరిగిన మరుసటి యేడే, 2012 సెప్టెంబరు 10న, ఇంగ్లండులో ఒక సంగీతోత్సవమునుండి మరలివచ్చుచున్న యువజనుల బస్సు సర్రే ప్రాంతమున హైండ్‌హెడ్డు దగ్గర రోడ్డు దిగి చెట్టునకు కొట్టుకొనెను. డ్రైవరును, ఇరువురు ప్రయాణికులును మరణించిరి. ముందు చక్రపు టైరు పగిలినది. దాని వయస్సు పందొమ్మిదిన్నర యేండ్లు. మరణించినవారిలో మైకేలు మొల్లాయ్ అను కుఱ్ఱవాని వయస్సు పదునెనిమిది. వానికన్న టైరు పెద్దది! గాడుల లోతును మాత్రమే చూచు ఆనాటి చట్టము ప్రకారము దానిలో తప్పు లేదు. ఆ కుఱ్ఱవాని తల్లి ఫ్రాన్సెస్ మొల్లాయ్ ఊరకుండలేదు. చట్టము మార్చుడని మంత్రులచుట్టును, శాసనసభ్యులచుట్టును ఏండ్ల తరబడి తిరిగెను. తుదకు 2021 ఫిబ్రవరి 1వ తేదీనుండి, పదియేండ్లు దాటిన టైర్లను బస్సుల, లారీల ముందు ఇరుసులకును, చిన్న బస్సుల ఒంటిచక్రములకును వాడరాదని బ్రిటనులో శాసనమైనది. ఆ తల్లి కథ చదివిన రాత్రి నాకు నిద్ర రాలేదు. ఆమె పోగొట్టుకొనినది తన బిడ్డను. నేను పాడుచేసినది మరియొకతె బిడ్డను. ఆమె దేశపు చట్టము మార్చినది. నేను ఈ నాలుగు పుటలైనను వ్రాయుటకు పదునాలుగేండ్లు పట్టినది.

మరియొక సంగతి. మన యింట పనికిరాదని తీసిన టైరు ఎక్కడికి పోవుచున్నదో ఎవరైన విచారించితిమా? దుకాణమువాడు దానిని పారవేయడు. మనము కొంత డబ్బు తగ్గించుకొని దానిని వానికే యిచ్చి వత్తుము. వాడు దానికి నల్లరంగు పూసి, మెరుగుపెట్టి, సరకులబండివానికో, బడిపిల్లలను క్రిక్కిరియ నెక్కించుకొను వ్యానువానికో అమ్మును. మన భయము తీరినది. ఆ భయము చౌకగా బీదవాని చక్రమునకు చేరినది. పాత టైరునకు తగిన స్థానములు మన దేశమున లేకపోలేదు. ఎడ్లు లాగు టైరుబండి యున్నది. ఎద్దు నడకకు ఏ రబ్బరును వేడెక్కదు. టైరు చెప్పులున్నవి, మా ఊరి పాలేర్లు ఒక్క జత నాలుగేండ్లు తొడిగెడివారు. పిల్లలు కఱ్ఱతో దొర్లించుకొని పరుగెత్తుటయు నున్నది. ఇవన్నియు మెల్లని పనులు. నేనిప్పుడు టైరు మార్చినప్పుడెల్ల దుకాణమువానియెదుటనే పాతదాని ప్రక్కగోడను కత్తితో చీల్పించి వచ్చెదను. వాడు నన్ను పిచ్చిదానినిగా చూచును. ఐదారువందలు నష్టమగును. మా వారు మొదట గొణిగిరి. ఇప్పుడు తామే కత్తి అడుగుచున్నారు.

నాన్నగారిని గూర్చి ఆలోచించినప్పుడు నాకు ఒక చిక్కు తోచును. దాచుట ఆయన నాకు నేర్పినదే. బియ్యపుబస్తా దారము, మందుసీసా మూత, ఉత్తరముల వెనుక తెల్లభాగము, ఏదియు మా యింట వృథా కారాదు. ఆ గుణముతోనే నేను తొమ్మిదేండ్ల టైరును కొత్తదంటిని. కాని ఆయన టైరును దాచినంత శ్రద్ధగా వేగమును కూడ దాచుకొనిరి. జీపులో ఆయన ప్రక్క కూర్చుండి, సైకిళ్ళు మమ్ము దాటిపోవుచుండగా, నేనును తమ్ముడును అవమానముతో తలలు వంచుకొనుట నాకు జ్ఞాపకమున్నది. ఆయన పొదుపులో సగమే నేను నేర్చితిని. చేతికి అందిన సగము నేర్చి, కష్టమైన సగము విడిచితిని.

ఇక పెండ్లి మాట. మేనల్లునికి నేను ఉపన్యాస మీయలేదు. ఊరిలో టైరు చెప్పులు కుట్టు ముసలివాడు ఒకడు మిగిలియున్నాడు. వానిని పిలిపించి, నాలుగింటిలో ఒక టైరును కోయుమంటిని. మేనల్లుడు "అత్తయ్యా, యాంటిక్ అది!" అని అడ్డమువచ్చెను. ముసలివాడు నీళ్ళు చల్లుకొనుచు కత్తిని ఆనించి నొక్కినాడు. కత్తి దిగలేదు. ప్రక్కగోడను రెండు చేతులతో పట్టి వంచబోగా, ఎండిన తాటిమట్టవలె చిటచిటలాడి, చేతి వెడల్పున బ్రద్దలైనది. లోపలి నూలుపోగులు పొడియై రాలినవి. "ఇది చెప్పులక్కూడా పనికిరాదమ్మా" అని వాడు లేచిపోయెను. పిల్లవాడు ఆ పొడిని వ్రేళ్ళమధ్య నలిపి చూచుచు చాలసేపు అక్కడనే నిలుచుండెను. మరునాడు పాత మాదిరి గాడులుగల కొత్త టైర్లకు తెప్పించుటకు వ్రాసినాడు. కొంచెము అలిగినాడు కూడ. రెండు దినములు నాతో సరిగా మాటాడలేదు.

ఊరేగింపునాటి సాయంకాలము జీపు పూలమాలలతో వీధిలో నిలిచినది. పెండ్లికి మా పాత డ్రైవరు భార్యతోను, తొమ్మిదేండ్ల కుమార్తెతోను వచ్చినాడు. బాజాభజంత్రీలవారు సన్నాయి సవరించుకొనుచుండగా, అతడు జీపుచుట్టు ఒకసారి తిరిగెను. ప్రతి చక్రముకడను వంగి, ఎడమచేతితో తడివి, అంకెలు చదివెను. నాలుగవదానికడ కొంతసేపు ఎక్కువ వంగెను. దాని నంబరు లోపలి ప్రక్కకు ఉన్నది. లేచి, చేయి దులుపుకొని, నావంక చూచి, "బాగున్నాయి అమ్మగారూ, పోనివ్వండి" అనెను.